సైబర్ దాడుల మ్యాపులో ఆ ఎర్ర గీతలు ఏం చెబుతున్నాయి?

నల్లటి తెర మీద ప్రపంచపటం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి దూసుకుపోయే రంగురంగుల గీతలు. పక్కన ఆగకుండా పెరిగే అంకెలు. సరిహద్దులో ఉద్రిక్తత మొదలైనా, పెద్ద వెబ్‌సైటు ఏదైనా కొన్ని గంటలు పడిపోయినా, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) వార్త ఒకటి బయటికి పొక్కినా టీవీ యాంకరు వెనక ఈ బొమ్మ ప్రత్యక్షమవుతుంది. పత్రికల వెబ్‌సైట్లలో దాని స్క్రీన్‌షాట్ వస్తుంది. వాట్సాప్‌లో వీడియోగా తిరుగుతుంది. చూసినవాళ్ళ మనసులో మిగిలేది ఒక్కటే: ఫలానా దేశం ఫలానా దేశం మీద ఈ క్షణంలో దాడి చేస్తోంది, కళ్ళముందే కనబడుతోంది.

ఇలాంటి మ్యాపుల్లో చాలావాటికి మూలం హనీపాట్లు. అంటే దాడి చేసేవాళ్ళను ఆకర్షించడానికి కావాలని ఇంటర్నెట్‌లో వదిలిపెట్టే ఎర కంప్యూటర్లు. వాటి మీద నడిచే మ్యాపులో ప్రతి గీత వెనకా నిజంగా జరిగిన ఒక సంఘటన ఉంటుంది. అయితే ఆ సంఘటన, చూసేవాడు ఊహించుకునేదానికంటే చాలా చిన్నది. దాని మొదలు, చివర కూడా మ్యాపు గీసిన చోట ఉండకపోవచ్చు. ఈ రంగంలో బాగా పేరున్న పనిముట్లు ఓపెన్ సోర్స్‌వి. ఏది లెక్కిస్తున్నారు, ఎలా గీస్తున్నారు అన్నది కోడ్‌లోనే రాసి ఉంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు. అయినా ఆ వివరం పదేళ్ళకు పైగా వార్తల్లోకి సరిగా ఎక్కలేదు. అందుకే ఈ వ్యాసంలో ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

ఎరలు పెట్టినవాళ్ళు

1999లో లాన్స్ స్పిట్జ్నర్ అనే భద్రతా నిపుణుడు మొదలుపెట్టిన హనీనెట్ ప్రాజెక్ట్ లాభాపేక్ష లేని సంస్థ. చాలా దేశాల్లో స్వచ్ఛందంగా పనిచేసే బృందాలు దానికి ఉన్నాయి. దాడులు ఎలా జరుగుతాయో దగ్గర నుంచి గమనించి, ఆ పరిజ్ఞానాన్ని అందరికీ పంచడం వాళ్ళ పని. అందుకోసం రాసిన పనిముట్లను ఓపెన్ సోర్స్‌గా వదిలారు. విండోస్ లోపాలను అనుకరిస్తూ, లోపలికి వచ్చిన వైరస్ కాపీని పట్టి దాచే డయోనియా వాటిలో ఒకటి. వేర్వేరు దేశాల్లోని ఎరల నుంచి సమాచారాన్ని ఎప్పటికప్పుడు ఒకచోటికి చేర్చే హెచ్‌పీఫీడ్స్ ఇంకొకటి.

2012లో ఈ బృందమే హనీమ్యాప్ పేరుతో ఒక ప్రపంచపటాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఎర మీదికి ఎవరైనా వచ్చిన క్షణంలోనే పటం మీద చుక్క వెలుగుతుంది. వచ్చినవాడి చిరునామాకు ఎరుపు, ఎరకు పసుపు. అంతకుముందు ఇలాంటి సమాచారం జరిగింది జరిగినట్టు నమోదయ్యే పొడవాటి లాగ్ ఫైళ్ళలో, నెలవారీ నివేదికల్లో పడి ఉండేది. అది కదిలే బొమ్మగా మారగానే సాంకేతిక పత్రికలు, ఆ తర్వాత మామూలు పత్రికలు దాని గురించి రాశాయి. అలా రాయడంలో తప్పేం లేదు. ఇంటర్నెట్‌లో రాత్రీపగలూ ఏదో జరుగుతూనే ఉంటుందని మామూలు మనిషికి ఒక్క చూపులో చెప్పగలిగింది ఆ బొమ్మ.

కానీ దాన్ని చూసినవాళ్ళకు ఒక వింత కనిపించింది. జర్మనీలోని ఆకెన్ అనే మధ్యతరహా నగరం దగ్గర పసుపు చుక్క అదేపనిగా వెలుగుతూ ఉండేది. ప్రపంచంలోని హ్యాకర్లంతా ఆకెన్ మీద పగబట్టారా? సమాధానం సులువు. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో పెద్ద హనీపాట్ వ్యవస్థ ఉండేది. ఆ మ్యాపుకు సమాచారం ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేది. ఒక్క మండలంలోనే వర్షమాపకాలు పెట్టి, జిల్లా మొత్తంలో వాన ఆ మండలంలోనే కురిసిందని చెప్పినట్టు ఉంటుంది దాన్ని దాడుల పటంగా చదివితే. బెర్లిన్‌లోనో, హైదరాబాద్‌లోనో, లాగోస్‌లోనో ఎరలు తక్కువైతే అక్కడ చీకటి కనిపిస్తుంది. అక్కడ దాడులు లేవని దానర్థం కాదు.

ఎర ఎక్కడ ఉందో అక్కడే దాడి కనిపిస్తుంది. ఇది హనీమ్యాప్‌ను తయారుచేసినవాళ్ళకు మొదటిరోజు నుంచీ తెలుసు. ఇది కొన్ని ఎరల చిత్రమే, ఇంటర్నెట్ మొత్తానిది కాదని వాళ్ళు చెబుతూనే వచ్చారు. బొమ్మ వెళ్ళినంత వేగంగా ఆ మాట వెళ్ళలేదు.

ఒక గీత పుట్టే తీరు

దగ్గర నుంచి చూస్తే గానీ విషయం బోధపడదు కాబట్టి, ఒక్క గీత ఎలా పుడుతుందో చూద్దాం.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక డేటా సెంటర్‌లో కౌరీ అనే హనీపాట్ నడుస్తోంది అనుకోండి. బయటి నుంచి చూసేవాడికి అది లోపాలున్న ఒక లైనక్స్ పరికరంలా కనిపిస్తుంది. దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్, దాని తలుపు తెరిచే ఉంటుంది. ఎక్కడినుంచో ఒక కనెక్షన్ వస్తుంది. యూజర్ పేరు 'రూట్', పాస్‌వర్డ్ 'ఎక్స్‌సీ3511'. అది కుదరకపోతే 'వీఐజెడ్ఎక్స్‌వీ'. అదీ కాకపోతే 'అడ్మిన్', 'అడ్మిన్'. మొదటి రెండూ చవకరకం సీసీటీవీ రికార్డర్లలో ఫ్యాక్టరీ నుంచే వచ్చే పాస్‌వర్డ్లు. మిరాయ్ అనే పురుగు, అంటే ఒక పరికరం నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్, తన వెంట తెచ్చుకునే, అరవైకి పైగా జతలున్న జాబితాలోవి.

కౌరీ కావాలనే ఏదో ఒక పాస్‌వర్డ్‌కు తలుపు తీస్తుంది. లోపలికి వచ్చినది 'ఎనేబుల్', 'సిస్టమ్', 'షెల్' అని వరసగా కొడుతుంది. మనిషి కొట్టడం లేదు, ప్రోగ్రామ్ కొడుతోంది. తర్వాత 'బిజీబాక్స్ మిరాయ్' అని ఒక ఆదేశం ఇస్తుంది. బిజీబాక్స్ అంటే చిన్న లైనక్స్ పరికరాల్లో ఉండే ఆదేశాల కట్ట. మిరాయ్ అనే పనిముట్టు అందులో లేదు, ఉండదు. 'మిరాయ్: యాప్లెట్ నాట్ ఫౌండ్' అని జవాబు వస్తే, ఇది నిజంగా ఆదేశాలు తీసుకునే పరికరమేనని పురుగు నిర్ధారించుకుంటుంది. కౌరీ ఆ జవాబును కూడా ఉన్నదున్నట్టు అనుకరిస్తుంది.

ఇదంతా లాగ్ ఫైల్‌లో వరసల కింద పడుతుంది: సమయం, వచ్చిన ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే నంబరు), వాడిన పేరు, పాస్‌వర్డ్, ఇచ్చిన ఆదేశాలు. జర్మనీకి చెందిన డాయిష్ టెలికామ్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన టీ-పాట్ అనే వ్యవస్థలో అయితే, ఆ వరసను లాగ్‌స్టాష్ చదివి, ఐపీ చిరునామా ఏ దేశానిదో ఒక పట్టికలో వెతికి జతచేస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో దాస్తారు, కిబానాలో చార్టులుగా చూస్తారు. మ్యాపు భాగం ఆ దేశం నుంచి ఎర ఉన్న చోటికి ఒక గీత గీస్తుంది. రంగు, ఏ సేవ మీదికి వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

వచ్చిన చిరునామా వియత్నాందైతే తెర మీద కనిపించేది వియత్నాం నుంచి జర్మనీకి ఒక గీత. దాన్ని వార్తగా రాసేవాడు 'వియత్నాం నుంచి జర్మనీపై దాడి' అంటాడు. జరిగింది ఏమిటంటే, వియత్నాంలో ఒక దుకాణం గోడకు తగిలించిన కెమెరా రికార్డర్‌కు పురుగు పట్టింది. యజమానికి ఆ సంగతే తెలియదు. ఆ రికార్డర్ ఇష్టం వచ్చిన చిరునామాలన్నీ తడుతూ పోతూ, వాటిలో ఒకటైన ఈ ఎరను తట్టింది. జర్మనీని ఎవరూ గురిపెట్టలేదు.

మరి ఆ పురుగును రాసిందెవరు? మిరాయ్ 2016లో బయటపడింది. 2017లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఉచ్ఛస్థితిలో దాదాపు 6 లక్షల పరికరాలు దాని చేతిలో ఉన్నాయి. బ్రెజిల్, కొలంబియా, వియత్నాంలలో వాటి సంఖ్య బాగా ఎక్కువ. దాన్ని తయారుచేసినట్టు 2017 డిసెంబరులో నేరం ఒప్పుకున్నది ముగ్గురు అమెరికన్ కుర్రాళ్ళు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారంలో పోటీదారులను పడగొట్టడం ఆ కథకు ఒక మూలం. ఆ రోజుల్లో ఏ హనీపాట్ మ్యాపు చూసినా గీతలు దక్షిణ అమెరికా నుంచి, ఆగ్నేయాసియా నుంచి వచ్చేవి. ఆ ముగ్గురిలో ఒకడు ఉండే న్యూజెర్సీని ఆ గీతల మూలంగా ఎవరూ గుర్తుపట్టి ఉండరు.

చిరునామా నుంచి ఊరికి

ఐపీ చిరునామాను బట్టి ఊరు చెప్పడంలో ఇంకో చిక్కుంది. ఆ పట్టికలు అంచనాలు. దేశం స్థాయిలో చాలావరకు సరిగ్గానే ఉంటాయి, ఊరి స్థాయికి వచ్చేసరికి తేలిపోతాయి. మన దగ్గర మొబైల్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను చాలామంది ఖాతాదారులకు పంచుతాయి. శ్రీకాకుళంలో ఫోన్ వాడుతున్న మనిషిని హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు చూపడం ఏమంత అరుదు కాదు.

దీని పరాకాష్ఠ అమెరికాలోని కాన్సస్‌లో జరిగింది. ఐపీ చిరునామాల పట్టికలు అమ్మే మాక్స్‌మైండ్ సంస్థ, 'అమెరికాలో ఉంది, ఎక్కడో తెలియదు' అనుకున్న చిరునామాలన్నిటికీ దేశం మధ్యలో ఒక బిందువును కేటాయించింది. ఆ బిందువు కాన్సస్‌లోని పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రం మీద పడింది. 60 కోట్లకు పైగా చిరునామాలు ఆ ఇంటికి అతుక్కున్నాయి. మోసపోయినవాళ్ళు, పోలీసులు, ఎఫ్‌బీఐ ఏజెంట్లు, చివరికి అంబులెన్సులు కూడా ఆ ఇంటి ముందుకు వచ్చేవి. ఆ కుటుంబానికి ఎందుకో ఏళ్ళ తరబడి అంతుబట్టలేదు. 2016లో కాష్మీర్ హిల్ అనే పాత్రికేయురాలు కారణం కనిపెట్టి రాశాక, మాక్స్‌మైండ్ ఆ బిందువును విచిటా నగరానికి పడమరనున్న ఒక సరస్సు మధ్యకు మార్చింది.

నాకు ఈ ఉదంతం రెండు కారణాల వల్ల ముఖ్యం. పటం మీద కచ్చితంగా కనిపించే చుక్క వెనక 'మాకు తెలియదు' అనే మాట దాగి ఉండొచ్చని ఇది చూపిస్తుంది. రెండోది, దాన్ని బయటపెట్టింది కూడా మీడియానే. కొలతను ప్రశ్నించడం పాత్రికేయులకు చేతకాని పని కాదు. తీరిక, పట్టుదల ఇస్తే బ్రహ్మాండంగా చేస్తారు. బ్రేకింగ్ న్యూస్ హడావుడిలో ఆ తీరిక దొరకదు, అంతే.

ఏది దాడి?

ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లు. 2013లో మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విడుదల చేసిన జెడ్‌మ్యాప్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టుతో, గిగాబిట్ కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటర్ నుంచి వాటన్నిటినీ 45 నిమిషాల లోపు ఒకసారి తట్టి రావచ్చు. విశ్వవిద్యాలయాలు తడతాయి, ఆన్‌లైన్‌లో ఉన్న పరికరాలను వెతికిపెట్టే షోడాన్ లాంటి సెర్చ్ ఇంజన్లు తడతాయి, భద్రతా కంపెనీలు తడతాయి, పురుగులు తడతాయి, నేరస్తులు తడతారు. ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి చిరునామాకూ ఇది రోజూ జరిగేదే. మీ ఇంటి రూటర్‌కు కూడా.

ఇందులో దేన్ని దాడి అనాలి? తలుపు తట్టి వెళ్ళిపోతే లెక్కలోకి వస్తుందా? తప్పు పాస్‌వర్డ్ ఒకసారి కొడితే? ఒకే పరికరం 500 పాస్‌వర్డ్లు ప్రయత్నిస్తే అది ఒక దాడా, 500 దాడులా? ఒక్కో సంస్థ ఒక్కో రకంగా లెక్కపెడుతుంది. ఓపెన్ సోర్స్ పనిముట్టు అయితే దాని జవాబు కోడ్‌లో దొరుకుతుంది. మూసిపెట్టిన పనిముట్టు అయితే కంపెనీ మాటే ప్రమాణం.

ఈ తేడా ఎంతదూరం తీసుకెళుతుందో నోర్స్ కథ చెబుతుంది. కాలిఫోర్నియాలోని ఈ కంపెనీ గీసిన దాడుల మ్యాపు 2014, 2015 ప్రాంతంలో టీవీ తెరలకు అభిమాన చిత్రం. మెరుపులా ఎగిరే గీతలు, దేశాల జెండాలు, లేజర్ కాంతులు. అయితే ఎరలు ఎక్కడున్నాయో, దేన్ని దాడిగా లెక్కపెడుతున్నారో బయటివాళ్ళు సరిచూసుకునే దారి లేదు. 2015 ఏప్రిల్‌లో అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే వాషింగ్టన్ మేధో సంస్థతో కలిసి, ఇరాన్ నుంచి సైబర్ ముప్పు బాగా పెరుగుతోందంటూ ఒక నివేదిక ఇచ్చింది. న్యూయార్క్ టైమ్స్‌తో సహా పెద్ద పత్రికలు రాశాయి. అమెరికా, ఇరాన్ అణు ఒప్పందం చర్చలు నడుస్తున్న రోజులవి. పారిశ్రామిక వ్యవస్థల భద్రతలో పనిచేసేవాళ్ళు ఆ నివేదిక చదివి తలలు పట్టుకున్నారు. మామూలు స్కానింగ్‌ను, అంటే పైన చెప్పిన తలుపు తట్టుళ్ళను దాడులుగా లెక్కగట్టారని, ఇరాన్ చిరునామా కనిపిస్తే ఇరాన్ ప్రభుత్వమే అన్నట్టు రాశారని విమర్శించారు. 2016 మొదట్లో ఆ కంపెనీ కుప్పకూలింది.

ఒక యుద్ధమో, ఒప్పందమో తేలాల్సిన సమయంలో తలుపు తట్టుళ్ళ లెక్క విదేశాంగ విధానంపై వాదనగా మారింది. అందుకే ఈ విషయాన్ని సాంకేతిక నిపుణుల గొడవగా వదిలేయడం నాకు ఇష్టం లేదు.

అంకెలు పెరిగితే దాడులు పెరిగినట్టేనా

డాయిష్ టెలికామ్ 2013 మార్చిలో తన ఎరల పటాన్ని ప్రజలకు తెరిచింది. అప్పట్లో ఎరల సంఖ్య తక్కువే. ఫిబ్రవరి నెల లెక్కలో రష్యా నుంచి 24 లక్షల దాడులు, తైవాన్ నుంచి 9 లక్షలు, జర్మనీ నుంచే 7.8 లక్షలు అని పట్టిక ఇచ్చింది. శీర్షికల్లోకి రష్యా ఎక్కింది. మూడో స్థానంలో జర్మనీయే ఉండడం, ఆ పట్టికను ఎలా చదవాలో చెప్పే అసలైన ఆధారం. జర్మనీ తన మీద తానే యుద్ధం చేసుకోవడం లేదు కదా. పురుగు పట్టిన పరికరాలు అక్కడా దండిగా ఉన్నాయి, అంతే. రష్యా, తైవాన్ అంకెల్లో కూడా పెద్ద భాగం అలాంటిదే కావచ్చు అన్న ఆలోచన ఆ మూడో వరస చూస్తే రావాలి.

తర్వాతి ఏళ్ళలో అదే సంస్థ ఇచ్చిన రోజువారీ సగటులు చూడండి. 2017 ఏప్రిల్‌లో 40 లక్షలు, 2018 ఏప్రిల్‌లో 1.2 కోట్లు, 2019 ఏప్రిల్‌లో 3.1 కోట్లు. గ్రాఫు గీస్తే గుండె జారిపోతుంది. కానీ ఈ మధ్యలో ఎరలు కూడా పెరిగాయి. 2019 నాటికి దాదాపు 3,000 ఉచ్చులు పెట్టామని సంస్థే చెప్పింది. ఎక్కువ చోట్ల కొలిస్తే ఎక్కువ కనిపిస్తుంది. ఒక్కో ఎరకు సగటున ఎన్ని వచ్చాయో చెప్పకుండా, దాడులు ఎన్ని రెట్లు పెరిగాయో చెప్పడం కుదరదు. ఈ ఒక్క భాగహారం చేసి రాసిన వార్త ఎక్కడైనా కనిపిస్తే నేను సంతోషంగా నలుగురికీ పంపుతాను.

మన దగ్గరా ఇలాంటి అంకె ఒకటి వచ్చింది. పహల్గాం ఉగ్రదాడి తర్వాత, పాకిస్తాన్‌తో ఘర్షణ రోజుల్లో 15 లక్షలకు పైగా సైబర్ దాడులు జరిగాయని 2025 మే నెలలో మహారాష్ట్ర సైబర్ విభాగం ప్రకటించింది. వాటిలో విజయవంతమైనవి 150 అని కూడా అదే నివేదిక చెప్పింది. అంటే పదివేలకు ఒకటి. శీర్షికల్లో పెద్దక్షరాలు 15 లక్షలకే దక్కాయి. పాఠకుడికి పనికొచ్చే సమాచారమంతా ఆ 150లో ఉంది: అవి ఏ వెబ్‌సైట్లు, ఏం పోయింది, ఎన్ని గంటలకు తిరిగి నిలబడ్డాయి. అదే నెలలో, సైబర్ దాడితో దేశంలోని విద్యుత్ గ్రిడ్‌లో 70 శాతం పనిచేయడం లేదన్న పుకారు లేస్తే, అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ విభాగం ఖండించాల్సి వచ్చింది. లక్షల అంకెలకు, ఎగిరే గీతలకు అలవాటుపడిన మనసు 70 శాతం గ్రిడ్ అన్నా ఇట్టే నమ్మేస్తుంది.

చుక్కలు వెలిగిన కంప్యూటర్లు బతికాయి

మ్యాపు చెప్పేది, చూసేవాడు అర్థం చేసుకునేది పూర్తిగా తలకిందులైన ఉదాహరణ ఒకటుంది. అది వానాక్రై.

2017 మే 12న, శుక్రవారం, ఈ ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లకు తగిలింది. మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు ఆ వైరస్ కోడ్‌లో కనిపించిన ఒక వింత వెబ్ చిరునామాను, ఎవరూ తీసుకోలేదని చూసి, పది డాలర్ల చిల్లర పెట్టి తన పేర నమోదు చేసుకున్నాడు. ఆ చిరునామాను వైరస్ ప్రతి కంప్యూటర్‌లోనూ ముందుగా పిలుస్తుంది. జవాబు రాకపోతే ఫైళ్ళకు తాళం వేస్తుంది. జవాబు వస్తే ఏమీ చేయకుండా ఆగిపోతుంది. అలా అతను తెలియకుండానే దాన్ని ఆపే మీటను నొక్కేశాడు.

అతని సర్వర్‌కు వచ్చే పిలుపులను ప్రపంచపటం మీద చుక్కలుగా గీశారు. న్యూయార్క్ టైమ్స్ ఆ సమాచారంతోనే, కంప్యూటర్లు ఎలా వైరస్ బారిన పడ్డాయో చూపే యానిమేషన్ వేసింది. అది ప్రపంచమంతా తిరిగింది. నీలి చుక్క వెలిగితే, అదిగో ఇంకొకటి బలైంది అనుకున్నారు అందరూ.

ఆగి ఆలోచించండి. చుక్క వెలిగిందంటే ఆ కంప్యూటర్ నుంచి పిలుపు వచ్చింది, జవాబు వెళ్ళింది. జవాబు వెళ్ళిందంటే వైరస్ ఆగిపోయింది. చుక్కలుగా వెలిగినవి ఎక్కువగా బతికిపోయిన కంప్యూటర్లు! చిరునామా నమోదు కాకముందే ఫైళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఆ క్షణాన చుక్కలు కాలేదు. ఆఫీసులో ప్రాక్సీ సర్వర్ (బయటికి వెళ్ళే పిలుపులన్నీ దాటాల్సిన మధ్యవర్తి కంప్యూటర్) వెనక ఉన్న కంప్యూటర్ల సంగతి ఇంకా ఘోరం. వైరస్‌కు ప్రాక్సీ గుండా వెళ్ళడం రాదు. కాబట్టి దాని పిలుపు బయటికి పోదు, జవాబు రాదు, ఫైళ్ళకు తాళం పడుతుంది, మ్యాపు మీద చుక్క కూడా పడదు. నిజంగా నష్టపోయినవాడు బొమ్మలో లేడు.

వైరస్ ఎంత దూరం చేరిందో ఆ పటం బాగానే చూపింది. ఎంత నష్టం జరిగిందో దాని నుంచి తెలియదు. ఈ రెండింటినీ ఒకటిగా రాయడం వల్ల, దెబ్బతిన్నవాళ్ళకు ఉన్న అసలు సమస్య వెనక్కి పోయింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలల్లో దాన్ని వేసుకోని కంప్యూటర్లు ఎన్ని, ఎందుకు వేసుకోలేదు అన్నది ఏ పటమూ చూపదు. ఒక్కో ఆఫీసుకూ వెళ్ళి అడగాలి.

మ్యాపు కంటే చార్టు

ఇంతా చెప్పి ఈ పనిముట్లు దండగ అంటే అన్యాయం. వాటి బలం వేరేచోట ఉంది. దేశాల పటం పక్కన, అదే డ్యాష్‌బోర్డులో, ఎవరూ టీవీలో చూపని ఒక మామూలు చార్టు ఉంటుంది: ఏ పోర్టు (కంప్యూటర్‌లో ఒక్కో సేవకు ఉండే నంబరున్న ద్వారం) మీదికి గంటకు ఎన్ని తట్టుళ్ళు వచ్చాయి అని. ఏళ్ళ తరబడి నేలబారుగా ఉన్న గీత ఒకరోజు ఉన్నట్టుండి నిటారుగా లేస్తే, కొత్త లోపం ఒకటి ఎవరి చేతికో చిక్కిందని అర్థం.

2016 నవంబరు చివర్లో 7547 అనే పోర్టు విషయంలో అదే జరిగింది. ఇంటి రూటర్లను టెలికాం కంపెనీలు దూరం నుంచి సరిచేయడానికి వాడే ద్వారం అది. మిరాయ్‌లో ఒక కొత్త రకం ఆ ద్వారాన్ని తట్టడం మొదలుపెట్టింది. జర్మనీలో డాయిష్ టెలికామ్ ఖాతాదారుల్లో దాదాపు 9 లక్షల మందికి ఇంటర్నెట్, ఫోన్ ఆగిపోయాయి. ప్రపంచానికి దాడుల పటం చూపిస్తున్న సంస్థ సొంత ఇంట్లోనే ఇది జరిగింది. ఆ రూటర్లకు పురుగు పట్టలేదు, ఆ తాకిడికి కుదేలయ్యాయి. ఎరల దగ్గర ఆ పోర్టు గీత లేవడాన్ని చూసినవాళ్ళు గంటల్లోనే కారణం చెప్పగలిగారు. ఏ దేశం నుంచి వస్తోందన్న ప్రశ్నతో ఆ రోజు ఎవరికీ పని పడలేదు. ఈ కేసులో 2017 ఫిబ్రవరిలో లండన్ విమానాశ్రయంలో అరెస్టయినది ఒక బ్రిటిష్ పౌరుడు.

ఆ చార్టుకు మెరుపులు లేవు, జెండాలు లేవు. కానీ 'మీ రూటర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి, అప్‌డేట్ వస్తే వేసుకోండి' అని చెప్పే వార్త దాని నుంచే వస్తుంది.

మన న్యూస్‌రూముల్లో చేయదగ్గ పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. టీ-పాట్ ఉచితం. కనీసం 8 నుంచి 16 జీబీ మెమరీ ఉన్న ఒక క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుంటే చాలు. ఆఫీసు నెట్‌వర్క్‌లోనో, ఇంట్లోనో మాత్రం పెట్టకూడదు, ఎర పక్కన అసలు వస్తువులు ఉండకూడదు కాబట్టి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలలో ఇంజనీరింగ్ కాలేజీల సైబర్ భద్రతా విద్యార్థులు ఇలాంటివి నడపగలరు. వాళ్ళలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రం ఆ లాగ్ ఫైల్ చదివిన విలేకరి, 'రూట్, ఎక్స్‌సీ3511' అనే వరస వందోసారి కళ్ళబడ్డాక, దాన్ని 'దేశంపై దాడి' అని రాయడానికి మనసొప్పడు. శాంతంగా ఉన్న రోజున ఆ ఎర మీద ఎన్ని తట్టుళ్ళు పడతాయో కూడా అతని దగ్గర లెక్క ఉంటుంది. ఉద్రిక్తత రోజున ఎవరైనా లక్షల అంకె ఇస్తే, మామూలు రోజు లెక్క ఎంత అని అడగగలుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు లేని ప్రకటనను లోపలి పేజీకి పంపొచ్చు.

మ్యాపు వాడక తప్పని రోజూ ఉంటుంది, టీవీకి బొమ్మ కావాలి. అప్పుడు దాని కింద రెండు వాక్యాల స్ట్రిప్ వేస్తే చాలు: 'ఈ చిత్రంలోవి ఫలానా సంస్థ ఫలానా నగరాల్లో పెట్టిన ఇన్ని ఎర కంప్యూటర్లకు, గత గంటలో వచ్చిన కనెక్షన్లు. గీత మొదలైన దేశం చివరి పరికరం చిరునామాది, దాన్ని నడిపిస్తున్నవారు ఎవరో, ఎక్కడున్నారో దీనినుంచి తెలియదు.'